ఓడినవాళ్లే రోమన్లయిన చోటు: రోమ్ నుంచి పాంపీ దాకా

మంగళవారం: స్టేషన్ పక్క గోడ

రోమ్‌లో తెర్మినీ స్టేషన్ నుంచి బయటికి రాగానే, బస్సులు ఆగే మైదానం పక్కన ఒక పాత గోడ కనిపిస్తుంది. పసుపు పచ్చని రాతి దిమ్మెలు, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. జనం సూట్‌కేసులు లాక్కుంటూ దాని పక్క నుంచే వెళ్లిపోతుంటారు. మా మేనకోడలు ఇక్కడే ఆర్కిటెక్చర్ చదువుతోంది, నన్ను తీసుకెళ్లడానికి స్టేషన్‌కి వచ్చింది. "అత్తా, ముందు గదికెళ్లి సామాను పడేద్దాం. రాళ్లెక్కడికీ పోవు" అంది. నేను కదల్లేదు. ఈ గోడ కోసమే సగం వచ్చానని చెబితే నవ్వి, బ్యాగు కింద పెట్టి తనూ నిలబడింది.

దీన్ని సర్వియన్ గోడ అంటారు. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో ఏలిన సర్వియస్ తుల్లియస్ అనే రాజు కట్టించాడని ఐతిహ్యం. ఇప్పుడు కనిపించే భాగం మాత్రం అంతకన్నా తర్వాతిది. క్రీ.పూ. 390 ప్రాంతంలో గాల్ జాతివాళ్లు విరుచుకుపడి రోమ్‌ను దోచుకుపోయారు. ఆ దెబ్బ తిన్నాక ఊరి చుట్టూ దాదాపు 11 కిలోమీటర్ల గోడ లేపారు. ఆ రాయి ఎక్కడిదన్నదే నాకు ముఖ్యం. రోమ్‌కు ఉత్తరాన, ఒక పూట నడకలో, వెయీ అనే నగరం ఉండేది. రోమన్లకన్నా ముందే నగరాలు కట్టుకున్న ఎట్రుస్కన్ జాతివాళ్లది అది. తరతరాల పగ. క్రీ.పూ. 396లో రోమన్లు దాన్ని పట్టుకున్నారు. పొలాలు పంచుకున్నారు, గనులు తమవి చేసుకున్నారు. గాల్ జాతివాళ్లు పోయాక, ఆ వెయీ గనుల రాయినే తెచ్చి తమ ఊరికి గోడ కట్టుకున్నారు. కొన్ని దిమ్మెల మీద రాయి కొట్టినవాళ్లు పెట్టిన గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ గోడ ముక్కలు స్టేషన్ అడుగున ఉన్న దుకాణాల మధ్య కూడా నిలబడి ఉన్నాయి. బర్గర్లు తినే బల్లల పక్కనే ఇరవై నాలుగు వందల ఏళ్ల నాటి రాయి.

రోమన్లను తలచుకుంటే మనకు కత్తులు, రథాలు, కొలోసియం గుర్తొస్తాయి. టైబర్ నది ఒడ్డున గుడిసెల ఊరు ఒకటి బ్రిటన్ నుంచి సిరియా దాకా ఎలా పాకిందన్నది నన్ను ఎన్నాళ్లుగానో పట్టుకున్న ప్రశ్న. గెలవడం చాలామందికి చేతనైంది. ఓడినవాళ్లను తమవాళ్లుగా మార్చుకోవడం, వాళ్ల దేవుళ్లను, లిపిని, వంటను, చివరికి వాళ్ల పిల్లలను కూడా తమలో కలిపేసుకోవడం రోమ్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. దాన్నే కళ్లారా చూద్దామని బయల్దేరాను.

సాయంత్రం కాపిటొలైన్ కొండెక్కాం. మైకెలాంజెలో గీసిన మైదానం ఉన్నచోట, రెండు శిఖరాల నడిమి పల్లంలో, రోమ్‌ను స్థాపించాడని చెప్పే రోములస్ ఒక శరణాలయం తెరిచాడట. పారిపోయి వచ్చిన బానిసలు, అప్పులపాలైనవాళ్లు, ఊరు వదిలినవాళ్లు, ఎవరొచ్చినా ఏమీ అడగకుండా చేర్చుకున్నాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఇది కథే. క్రీ.పూ. 753 ఏప్రిల్ 21న ఊరు పుట్టిందన్నదీ కథే. అయితే తమ పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఒక జాతి ఎంచుకున్న కథ ఇది. మేం దేవతల వంశమని చెప్పుకున్న నోటితోనే, మా మొదటి పౌరులు దిక్కులేనివాళ్లని కూడా చెప్పుకున్నారు. అంత ధైర్యం నాకు మరెక్కడా కనపడలేదు.

అక్కడి మ్యూజియంలో రోములస్, రీమస్‌లకు పాలిచ్చే కంచు తోడేలు ఉంది. ఎట్రుస్కన్ల పనితనమని చాలాకాలం అనుకున్నారు. ఈమధ్య చేసిన కార్బన్ పరీక్షలు మధ్యయుగం వైపు మొగ్గాయి. పిల్లలిద్దరూ పదిహేనో శతాబ్దంలో చేర్చినవాళ్లు. అదే భవనంలో, అద్దాల పైకప్పు కింద, జూపిటర్ గుడి పునాది గోడలు చూడొచ్చు. క్రీ.పూ. 509లో ప్రతిష్ఠ చేశారని చెప్పే గుడి అది. లోపలి విగ్రహం చేసిన శిల్పి వల్కా వెయీ నుంచి వచ్చినవాడు.

బుధవారం: పాలటైన్, ఫోరమ్

పొద్దున్నే గేటు తీసేసరికి పాలటైన్ కొండ మీద ఉన్నాం. తొమ్మిది దాటితే గుంపులు మొదలవుతాయి. చక్రవర్తుల మహళ్ల శిథిలాలన్నీ దాటి, నైరుతి మూలకు వెళ్లాలి. పైన రేకుల కప్పు వేసి కాపాడుతున్న ఒక బండరాయి ఉంది. దాని మీద గుంటలు. చూడగానే ఏమీ అర్థం కాదు.

కాసేపు నిలబడి చూస్తే ఇల్లు లేస్తుంది. గుండ్రంగా, కాస్త కోలగా ఉన్న వరసలో గుంటలు: గోడ గుంజలు పాతినవి. నడుమ ఒకటి: పైకప్పు మోసిన నిట్టాడది. ఒక పక్క రెండు గుంటలు దగ్గర దగ్గరగా: గుమ్మం. చుట్టూ చిన్న కాలువ తొలిచారు, చూరు నీళ్లు పోవడానికి. గోడలు కంపకు మట్టి మెత్తినవి, పైన గడ్డి. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. లోపల నాలుగు మంచాలు పడితే గొప్ప. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు ఇళ్లు ఇవి. 1948లో తవ్వి తీశారు. రోములస్ గుడిసె అంటూ ఇక్కడొక గడ్డి ఇంటిని రోమన్లు వందల ఏళ్లు కాపాడుకున్నారు. గాలికో నిప్పుకో పాడైతే మళ్లీ అదే గడ్డితో, అదే కర్రతో కట్టేవాళ్లు. అగస్టస్ చక్రవర్తి తన ఇల్లు దాని పక్కనే పెట్టుకున్నాడు.

ఈ కొండ కింద ఫోరమ్ ఉన్న చోటు అప్పట్లో బురద నేల. వానాకాలం టైబర్ పొంగి వచ్చేది. ఆ పల్లాన్ని మట్టితో పూడ్చి, నీటిని నదిలోకి మళ్లించే పెద్ద కాలువ తీయించింది ఎట్రుస్కన్ మూలాలున్న టార్క్విన్ రాజులని రోమన్లే రాసుకున్నారు. క్లోయాకా మాక్సిమా అనే ఆ కాలువ నోరు టైబర్ ఒడ్డున ఇప్పటికీ కనిపిస్తుంది. కాలువ తవ్విన తర్వాతే కొండల మీది పల్లెలకు కలుసుకోవడానికి ఒక నేల దొరికింది. సంత, న్యాయస్థానం, సభ అన్నీ అక్కడే వెలిశాయి. నగరం పుట్టిన చోటు చూపించమంటే నేను కొండను కాదు, ఆ కాలువను చూపిస్తాను.

ఫోరమ్‌లో నాకు బాగా పట్టినవి రెండు. ఒకటి, సెనేట్ భవనం ఎదుట నల్లరాతి పలకల కింద ఉన్న శాసనం. క్రీ.పూ. ఆరో శతాబ్దపు లాటిన్. రాజు అనే మాట అందులో చదవగలిగారు. రోమ్‌కు ఒకప్పుడు రాజులుండేవారన్నది కట్టుకథ కాదని అదే సాక్ష్యం. రెండోది, దాని పక్కనే క్రీ.శ. 203లో కట్టిన సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం. ఆయన పుట్టింది ఆఫ్రికాలో, ఇప్పటి లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో. గుడిసె నుంచి ఆఫ్రికా చక్రవర్తి దాకా నడిస్తే పావుగంట. కాలంలో వెయ్యేళ్లకు కాస్త తక్కువ.

అవతలి చివర టైటస్ తోరణం. లోపలి గోడ మీద, క్రీ.శ. 70లో జెరూసలేం గుడిని కూల్చి ఏడు కొమ్మల దీపస్తంభాన్ని భుజాల మీద మోసుకొస్తున్న సైనికులు. కలుపుకోవడం గురించి నేను ఎంత చెప్పినా, ఈ రాయి ముందు ఆగి ఒప్పుకోవాల్సింది ఉంది. మేం కలవం అన్నవాళ్లకు ఈ గతి పట్టింది. కొలోసియం కట్టడానికి సొమ్ము యుద్ధంలో దోచినదేనని అక్కడి ఒక శాసనం చెబుతోంది. పాత కంచు అక్షరాలు బిగించిన మేకుల రంధ్రాలను బట్టి పండితులు దాన్ని చదివారు. కొలోసియం లోపల గంటసేపు తిరిగాం. యాభై వేలమంది పట్టే కట్టడం, ఇంజినీరింగ్ పరంగా అద్భుతం. అక్కడ చంపినవాళ్లను తలచుకుంటే ఎక్కువసేపు ఉండబుద్ధి కాలేదు.

తిరిగి వస్తూ మాక్సెంటియస్ కట్టడం పక్కన ఆగాం. దాని కింద డొమిషియన్ చక్రవర్తి కట్టించిన మిరియాల గోదాములున్నాయి. మిరియం మన పడమటి తీరం నుంచి వెళ్లేది. ఇండియా వస్తువుల కోసం ఏటా కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ బాధపడ్డాడు. "ఇంత దూరమొచ్చి మిరియాల కొట్టు చూస్తున్నాం అత్తా" అంది మేనకోడలు. వాళ్ల వంటల పుస్తకాల్లో మిరియం లేని పేజీ దొరకడం కష్టం.

గురువారం: చెర్వెతెరి

వెనక్కి వెళ్లి, రోమ్ ఎవరి దగ్గర నేర్చుకుందో చూడాలనుకున్నాను. లాడిస్పోలి-చెర్వెతెరి స్టేషన్‌లో దిగి, బస్సులో ఊళ్లోకి వెళ్లి, అక్కణ్నించి సైప్రస్ చెట్ల దారిన బండితాచా శ్మశానానికి నడిచాం. పాత పేరు కయిరే. ఎట్రుస్కన్ల పెద్ద నగరాల్లో ఒకటి. ఊరు పోయింది, శ్మశానం మిగిలింది. 2004లో యునెస్కో జాబితాలో చేరింది.

శ్మశానం అంటే భయం పుట్టేలా ఏమీ ఉండదు. బండి చక్రాల గాడులు పడ్డ వీధులు, రెండు వైపులా గుండ్రటి సమాధుల దిబ్బలు, కొన్ని నలభై మీటర్ల అడ్డకొలతవి. మెట్లు దిగితే లోపల ఇల్లే. మెత్తటి తూఫా రాయిని తొలిచి దూలాలు, వాసాలు, గుమ్మాలు, కుర్చీలు చెక్కారు. మంచాలకు తలగడలు కూడా రాతివే. ఎట్రుస్కన్ల మట్టి, కర్ర ఇళ్లు ఒక్కటీ నిలవలేదు. వాళ్లెలా బతికారో తెలియాలంటే ఈ చావు ఇళ్లే దిక్కు.

వాటిలో ఒకదాన్ని అద్దంలోంచి చూడనిస్తారు. గోడలకూ స్తంభాలకూ సున్నంతో బొమ్మలు పోసి రంగులు వేసిన గది. యుద్ధ కవచాలు పైన వరసగా ఉన్నాయి. నేను కళ్లార్పకుండా చూసింది స్తంభాల మీది వంటింటి సామాను. గరిటె, కత్తులు, చుట్టచుట్టిన తాడు, గొడ్డలి, కూజా, ఆట పలక. ఒక మంచం ముందు జత చెప్పులు. చనిపోయినావిడ ఏది ఎక్కడ పెట్టిందో వెతుక్కోకుండా, అన్నీ మేకులకు తగిలించి పంపారు.

కయిరే కథ రోమ్ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు. గాల్ జాతివాళ్లు రోమ్ మీద పడ్డప్పుడు, వెస్టా దేవత పూజారిణులు పవిత్ర వస్తువులు పట్టుకుని పారిపోయి వచ్చింది ఇక్కడికే. ఈ ఊరు వాళ్లను దాచిపెట్టింది. తర్వాతి రోజుల్లో రోమ్ కయిరే ప్రజలకు పౌరసత్వం ఇచ్చింది, ఓటు హక్కు లేకుండా. సగం మర్యాద, సగం కళ్లెం. ఆ పద్ధతి బాగా పనికొచ్చింది. ఇటలీలో ఒక్కో ఊరితో ఒక్కో ఒప్పందం: కొందరికి పూర్తి పౌరసత్వం, కొందరికి సగం, కొందరికి స్నేహం పేరు. పన్ను కన్నా ముఖ్యంగా అందరి దగ్గరా అడిగింది సైనికులను. అందుకే క్రీ.పూ. 216లో కానే దగ్గర, ఉత్తరాఫ్రికాలోని కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఒక్కరోజులో దాదాపు యాభై వేల మందిని కోసేసినా, రోమ్ మళ్లీ సైన్యం లేపగలిగింది. కార్తేజ్ అలా లేపలేకపోయింది.

సాయంత్రానికి రోమ్ చేరి విల్లా జూలియా మ్యూజియానికి పరిగెత్తాం. అక్కడ కయిరేలో దొరికిన దంపతుల శవపేటిక ఉంది. క్రీ.పూ. ఆరో శతాబ్దం చివరిది, కాల్చిన మట్టితో చేసినది. భార్యాభర్తలిద్దరూ ఒకే పాన్పు మీద విందులో ఆనుకుని కూర్చున్నట్టు ఉంటారు. ఆయన చెయ్యి ఆమె భుజం మీద. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు. భార్య భర్త పక్కన విందులో కూర్చోవడం గ్రీకులకు సిగ్గుమాలిన పని. ఎట్రుస్కన్లకు అది మామూలు.

రోమ్‌కు వీళ్లిచ్చినవి చాలానే ఉన్నాయి. గ్రీకుల దగ్గర తీసుకున్న అక్షరమాల వీళ్ల చేతుల మీదుగానే లాటిన్‌కు చేరింది. న్యాయాధికారి ముందు మోసే గొడ్డలి కట్ట, ఏనుగు దంతపు పీఠం, గొర్రె కాలేయం చూసి శకునం చెప్పడం, గుడి కట్టే తీరు, అన్నీ వీళ్లవే. ఇన్ని ఇచ్చినవాళ్ల భాషను మనం చదవగలం గానీ పూర్తిగా అర్థం చేసుకోలేం. క్లాడియస్ చక్రవర్తి ఎట్రుస్కన్ల చరిత్రను ఇరవై సంపుటాల్లో రాశాడు. ఒక్క పేజీ మిగల్లేదు. ప్రాచీన ప్రపంచంలో పోయిన పుస్తకాల్లో ఒక్కటి తిరిగి ఇస్తామంటే నేను అదే అడుగుతాను.

శుక్రవారం: ఆపియా దారి

118 నంబర్ బస్సెక్కి ఆపియా దారి మీద దిగాం. క్రీ.పూ. 312లో ఆపియస్ క్లాడియస్ వేయించిన రోడ్డు ఇది. మొదట కాపువా దాకా, తర్వాత బ్రిండిసి రేవు దాకా సాగింది. అప్పుడు దక్షిణాది కొండ జాతి శామ్నైట్లతో యుద్ధం నడుస్తోంది. సైన్యాన్ని దక్షిణాదికి త్వరగా పంపాలి, అంతే. ఆ తర్వాత అదే దారిన వ్యాపారులు, ఉత్తరాలు, దేవతలు, వదంతులు నడిచాయి. 2024లో ఈ దారికీ యునెస్కో గుర్తింపు వచ్చింది.

సెసీలియా మెటెల్లా సమాధి దాటాక పాత రాళ్లు మొదలవుతాయి. నల్లటి బసాల్ట్ దిమ్మెలు, ఒక్కోటి మనిషి వీపంత. అంచులు అరిగి గుండ్రమయ్యాయి. నాలుగు మీటర్ల వెడల్పు, రెండు బండ్లు ఎదురుపడి తప్పుకునేంత. అటూ ఇటూ పైన్ చెట్లు. ఊరి లోపల శవాలు పాతకూడదని రోమన్ల తొలి చట్టాల్లోనే ఉంది. అందుకే సమాధులన్నీ దారి పక్కకు వచ్చాయి. ఇదే దారి పొడవునా, క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిగాక, ఆరు వేలమంది బానిసలను కాపువా నుంచి రోమ్ దాకా శిలువ వేశారు. నడుస్తుంటే ఆ లెక్క తలలోంచి పోదు. దాదాపు రెండు వందల కిలోమీటర్ల దారికి ఆరు వేలమంది.

అదే దారిలో రాబిరియస్ కుటుంబం సమాధి ఉంది. అసలు శిల్పం మ్యూజియంలో ఉంది, ఇక్కడ దాని నకలు. ముగ్గురి తలలు వరసగా చెక్కారు. మొదటాయన గాయస్ రాబిరియస్ హెర్మోడోరస్. పేరులో మొదటి సగం రోమన్‌ది, చివరిది గ్రీకుది: ఒక రాబిరియస్ దగ్గర బానిసగా ఉండి విడుదలైనవాడన్నమాట. పక్కన రాబిరియా డెమారిస్, ఆవిడా అంతే. మూడో ఆవిడ ఉసియా ప్రైమా, ఈజిప్టు దేవత ఐసిస్‌కు పూజారిణి. ఆమె తల పక్కన ఐసిస్ పూజలో ఆడించే గిలక చెక్కారు. బానిసలను శిలువ వేసిన దారి పక్కనే, విడుదలైన బానిసలు టోగా చుట్టుకుని, పౌరుల్లా రాతిలో కూర్చున్నారు. రోమ్‌లో ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్లతో నాకు పేచీ.

విడుదలైన బానిస పౌరుడయ్యేవాడు. అతని పిల్లలకు ఏ అడ్డూ ఉండేది కాదు. గ్రీకు నగరాల్లో విడుదలైనా పరాయివాడే.

మధ్యాహ్నం అక్విడక్టుల (ఊరికి నీళ్లు తెచ్చే కాలువల) పార్కుకి వెళ్లాం. పొలాల మధ్య క్లాడియన్ అక్విడక్టు కమానులు వరసగా నిలబడి ఉన్నాయి, కొన్నిచోట్ల తొమ్మిదంతస్తుల ఎత్తున. క్రీ.శ. 52లో పూర్తయింది, పొడవు సుమారు 69 కిలోమీటర్లు. మోటారు లేదు, పంపు లేదు. కొండల నుంచి ఊరి దాకా కొద్దిపాటి వాలు తప్పకుండా కాలువను నడిపించడమే మొత్తం విద్య. కింద పిల్లలు బంతి ఆడుతున్నారు. మేనకోడలు వీధి కొళాయి దగ్గర సీసా నింపుతూ, "నీళ్లు కొనకు అత్తా, ఈ ఊళ్లో ఎక్కడ పట్టుకున్నా తాగొచ్చు" అంది. త్రేవి ఫౌంటెన్‌కు నీళ్లు వచ్చే కాలువ క్రీ.పూ. 19లో అగ్రిప్పా తీయించినదే. మధ్యలో పాడైతే బాగుచేసి ఇప్పటికీ వాడుతున్నారు.

తిరుగు దారిలో పాంథియాన్. అగ్నిపర్వతపు బూడిద కలిపిన కాంక్రీటుతో, ఇనుప చువ్వ లేకుండా పోసిన 43 మీటర్ల గోపురం. పైకి పోయేకొద్దీ తేలిక రాయి వాడి, చివరికి నురుగురాయి వేశారు. జనం మధ్య అరగంట నిలబడి వచ్చేశాం. దాని గురించి చాలామంది రాశారు.

శనివారం: కుండ పెంకుల కొండ, ఓస్టియా

రోమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు టెస్టాచో కొండ. దాదాపు 35 మీటర్ల ఎత్తు, పైన గడ్డి. కొండంతా పగిలిన కుండలే. స్పెయిన్ దక్షిణ భాగం నుంచి, ఉత్తరాఫ్రికా నుంచి ఆలివ్ నూనె పెద్ద పెద్ద జాడీల్లో ఓడల మీద వచ్చేది. ఒక్కో జాడీలో 70 లీటర్లు. నూనె పీల్చిన జాడీ మళ్లీ దేనికీ పనికిరాదు, వాసన వస్తుంది. పగలగొట్టి, పద్ధతిగా మెట్లు మెట్లుగా పేర్చి, వాసన రాకుండా సున్నం చల్లి, మూడు వందల ఏళ్లలో కొండ చేశారు. ఐదు కోట్లకు పైగా జాడీలుంటాయని అంచనా.

కొండ మీదికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి. మాకు దొరకలేదు. కొండ అడుగు తొలిచి కట్టిన ఒక భోజనశాలలో వెనక గోడకు అద్దం బిగించారు. అన్నం ముందు పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎర్రటి, బూడిద రంగు పెంకులు, ఒకదాని వంపులో ఒకటి ఇమిడి, అరచేతి మందం. జాడీ చెవులు విడిగా తేలుతున్నాయి. కొన్ని చెవుల మీద కుమ్మరి ముద్ర ఉంటుందని, పొట్ట మీద సిరాతో బరువు, ఎగుమతి చేసినవాడి పేరు, ఏ కాన్సుల్ (ఏటా ఎన్నికయ్యే పాలకుడు) ఏలుబడిలో పంపాడో రాసి ఉంటుందని చదివాను. మహాసామ్రాజ్యం లెక్కల పుస్తకం చెత్తకుప్ప రూపంలో నిలిచింది. పది లక్షలమంది ఉన్న నగరం తన తిండి తను పండించుకోలేదు. ఎక్కడి తిండిని ఎలా తెచ్చుకుందో ఈ పెంకులు ఏ కవీ చెప్పనంత వివరంగా చెబుతున్నాయి.

దగ్గర్లోనే కేస్టియస్ పిరమిడ్. ఈజిప్టును గెలిచిన కొత్తలో రోమ్‌కు పట్టిన మోజు. దాని పక్క స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో ఓస్టియా రేవు పట్నం. ఇప్పుడు సముద్రం దూరంగా జరిగిపోయింది. నాటకశాల వెనకాల ఒక చతురస్రం, చుట్టూ ఓడల వ్యాపారుల చిన్న చిన్న గదులు, ఒక్కో గది ముందు నేల మీద నల్లరాయి, తెల్లరాయి మొజాయిక్. చదువురానివాళ్లకూ తెలిసేలా బొమ్మలు వేశారు: ఆఫ్రికాలోని సబ్రాతా వర్తకుల గదికి ఏనుగు, మరోచోట ఓడ, ధాన్యం కొలిచే కుంచం, దీపస్తంభం. కార్తేజ్ వాళ్ల గదీ ఉంది. క్రీ.పూ. 146లో రోమ్ నేలమట్టం చేసిన కార్తేజ్! రోమన్లే మళ్లీ కట్టి, దాని ధాన్యంతో పొట్ట నింపుకున్నారు. అదే పట్నంలో మిత్రా దేవుడి గుహగుళ్లు పదిహేనుకు పైగా, సెరాపిస్ గుడి, యూదుల ప్రార్థనామందిరం. రేవులో దిగిన సరుకుతో పాటు దేవుళ్లూ దిగారు.

ఆదివారం: పాంపీ

నేపుల్స్ నుంచి లోకల్ రైల్లో నిలబడి వెళ్లాం. పాంపీ అంటే అందరికీ క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద కప్పబడిపోయిన ఊరు. అది చివరి రోజు సంగతి. అంతకుముందు ఆరేడు వందల ఏళ్లు ఈ ఊరు ఏం చేసిందన్నది నాకు ఎక్కువ ఆసక్తి. ఇక్కడివాళ్లు మొదట్నుంచీ రోమన్లు కారు. వాళ్ల భాష ఆస్కన్. ఇటలీలో రోమ్‌కు సైన్యాన్నిచ్చి, రక్తం ధారపోసి, పౌరసత్వం దొరకని ఊళ్లు క్రీ.పూ. 91లో తిరగబడ్డాయి. పాంపీ కూడా వాటిలో ఒకటి. రోమన్ సేనాని సుల్లా ముట్టడించాడు. ఉత్తరపు గోడల మీద అతని రాళ్లు విసిరే యంత్రాల గుండ్లు తగిలిన గుంటలు చెయ్యి పెట్టి చూడొచ్చు. విచిత్రమేమంటే, రోమ్ యుద్ధం గెలిచి, వాళ్లడిగింది ఇచ్చేసింది. ఇటలీ అంతా పౌరులయ్యారు. పాంపీలో క్రీ.పూ. 80లో సుల్లా మాజీ సైనికులు స్థిరపడ్డారు. క్రమంగా గోడల మీద ఆస్కన్ రాతలు తగ్గి లాటిన్ నిండింది.

దారి దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు, రొట్టెల కొట్టులో తిరగలి రాళ్లు, వీధి హోటళ్లలో గిన్నెలు దింపిన గుంటలు, ఎన్నికల్లో ఫలానావాడికి ఓటెయ్యమన్న రాతలు, అన్నీ చూశాం. ఐసిస్ గుడి దగ్గర చాలాసేపు ఆగాం. క్రీ.శ. 62 భూకంపానికి కూలిన ఈ గుడిని తిరిగి కట్టించింది న్యుమేరియస్ పోపిడియస్ సెల్సినస్ అని గుమ్మం మీద శాసనం. అతని వయసు ఆరేళ్లు! అసలు డబ్బు పెట్టింది తండ్రి అంప్లియాటస్. అతను విడుదలైన బానిస. ఎంత డబ్బున్నా అతనికి నగరసభలో కుర్చీ లేదు, కొడుక్కి ఉంటుంది. కాబట్టి కొడుకు పేరున గుడి కట్టించాడు. సభ ఆ పిల్లవాణ్ని రుసుం లేకుండా చేర్చుకుంది. ఆ సంగతీ రాతిలో చెక్కించారు.

ఈజిప్టు దేవత గుడి, ఆస్కన్ నేల మీద, లాటిన్ శాసనంతో, ఒకప్పటి బానిస సొమ్ముతో. రోమ్ ఎలా పెరిగిందని ఎవరైనా అడిగితే ఈ గుమ్మం ముందుకు తీసుకొస్తాను. దాని కొనసాగింపే క్రీ.శ. 48లో గాల్ పెద్దలను సెనేట్‌లోకి తీసుకోమని క్లాడియస్ వాదించడం, క్రీ.శ. 212లో కరకల్లా సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ దాదాపు ఒకేసారి పౌరసత్వం ఇవ్వడం. కరకల్లా పన్నుల కోసమే చేశాడంటారు. కారణం ఏదైనా, ఆ ఏడు నుంచి సిరియా రైతూ, స్పెయిన్ జాలరీ రోమన్లే.

సోమవారం: నేపుల్స్ మ్యూజియం

ఈ మ్యూజియం మంగళవారం మూసేస్తారు, అందుకే సోమవారానికి పెట్టుకున్నాం. ఎనిమిది ముక్కలుగా గాట్లు పెట్టి కాల్చి, బూడిదలో బొగ్గయిన రొట్టె. గ్రీకు చిత్రాన్ని చూసి పేర్చిన అలెగ్జాండర్ మొజాయిక్. నిన్న చూసిన ఆరేళ్ల పిల్లవాడి అసలు శాసనం. ఇవన్నీ దాటి రహస్య మందిరం అని పిలిచే గదిలోకి వెళ్లాం. నేను వెతుకుతున్న బొమ్మ అక్కడుంది.

1938లో పాంపీలోని ఒక ఇంట్లో దొరికిన దంతపు బొమ్మ. పాంపీ లక్ష్మి అని పేరు పడింది. సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తు. ఒంటి మీద నగలు తప్ప బట్ట లేదు: మెడలో బరువైన హారాలు, మోచేతి దాకా గాజులు, కాళ్లకు దట్టంగా కడియాలు, వెడల్పాటి వడ్డాణం. అటూ ఇటూ నడుము దగ్గరికి వచ్చే ఇద్దరు చెలికత్తెలు. ఒకరి చేతిలో అలంకరణ సామాను. వెనక్కి వెళ్లి చూస్తే పొడవాటి జడ. నడినెత్తిన రంధ్రం ఉంది, అద్దానికో చిన్న బల్లకో కాడగా పనికొచ్చి ఉండాలి. లక్ష్మి కాదు, యక్షి అయి ఉంటుందని ఎక్కువమంది పండితుల మాట. అడుగున ఖరోష్ఠి లిపిలో ఒక అక్షరం చెక్కి ఉంది. ఇలాంటి దంతపు బొమ్మలే శాతవాహనుల పట్నాలైన భోకర్దన్, తేర్‌లలో దొరికాయి. అమరావతి శిల్పాల్లోని ఆడవాళ్ల వడ్డాణం, కడియాలు చూసిన కళ్లకు ఈమె పరాయిది అనిపించదు. "ఈవిడ మన ఊరావిడలా ఉంది అత్తా" అని మేనకోడలే ముందుగా అంది.

గాల్, గ్రీసు, ఈజిప్టు, కార్తేజ్, సిరియా అన్నీ రోమ్ సైన్యం అడుగుపెట్టిన నేలలు. మన నేలకు సైన్యం రాలేదు. వ్యాపారం వచ్చింది. మసలియా ప్రాంతంలో సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిపెట్టాడు. అది మన కృష్ణా తీరమే, మచిలీపట్నం వైపు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల కుండ దొరికింది, నాగార్జునకొండలో బంగారు నాణేలు. వాటి మీద అగస్టస్, టైబీరియస్‌ల వంటి చక్రవర్తుల ముఖాలు.

తెలుగు నేల మీద దొరికిన ఆ నాణేల్లో కొన్నిటికి చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు పెట్టి ఉంటుంది. లోహం అసలుదో కాదో చూడటానికని కొందరు, నాణెంగా కాకుండా లోహంగా చెల్లేందుకని కొందరు అంటారు. ఏదైనా, లెప్టిస్ మాగ్నాలోనో పాంపీలోనో ఆ ముఖం మీద గాటు పెడితే పెద్ద నేరం. అక్కెనపల్లి వర్తకుడికి ఆ ముఖం ఎవరిదో పట్టలేదు. వెండి ఎంతుందో చూసుకుని, దానికి తగ్గ సరుకు ఇచ్చి పంపాడు.